ఫ్యాక్టరీలో ఎంగేజ్‌మెంట్ సర్వే, వెల్‌నెస్ కార్యక్రమం: ఏం కొలవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాశమైలారం_హెచ్‌ఆర్

అందరికీ నమస్కారం. మాది మాత్రలు తయారుచేసే ప్లాంటు. మొత్తం 400 మంది, అందులో 260 మంది రెగ్యులర్, 140 మంది కాంట్రాక్టు. ఆరు విభాగాలు, మూడు షిఫ్టులు. ఉద్యోగుల ఎంగేజ్‌మెంట్‌ని (మనసుపెట్టి పనిలో నిమగ్నం కావడాన్ని) కొలిచి ఒక అంకె చెప్పమని, దాంతోపాటు వెల్‌నెస్ కార్యక్రమం మొదలుపెట్టమని యాజమాన్యం అడుగుతోంది. ఇప్పటికి కాగితం మీదున్న ప్లాన్ ఇది: 45 ప్రశ్నల గూగుల్ ఫారం (పేరు అడగం, విభాగం, షిఫ్టు, వయసు, ఆడా మగా, సర్వీసు మాత్రం అడుగుతాం), వారానికి రెండు యోగా క్లాసులు, ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టే పోటీ, ఒకరోజు హెల్త్ క్యాంపు. ఇందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? దయచేసి వివరంగా చెప్పండి.

లెక్కల_మాస్టారు

ముందు ఆ ఐదు వివరాల సంగతి. ఆరు విభాగాలు, మూడు షిఫ్టులు, వయసులో నాలుగు వర్గాలు, ఆడా మగా, సర్వీసులో నాలుగు వర్గాలు అనుకోండి. 6×3×4×2×4 = 576 గళ్లు. మీ మనుషులు 400. అంటే చాలామంది తమ గడిలో ఒక్కరే ఉంటారు. ప్యాకింగ్, రాత్రి షిఫ్టు, నలభై దాటిన మహిళ, పదేళ్ల సర్వీసు అనగానే ఆవిడ ఎవరో సూపర్‌వైజర్‌కి తెలిసిపోతుంది. పేరు అడగలేదన్న మాటకు అప్పుడు విలువ లేదు.

విభాగం, షిఫ్టు మాత్రం అడగండి. 18 గళ్లు అవుతాయి. 70 శాతం మంది నింపితే 280 ఫారాలు, గడికి సగటున 15. పది కంటే తక్కువ ఫారాలు వచ్చిన గడి ఫలితం విడిగా చూపకండి.

ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటుంది. ఒక విభాగంలో మొత్తం 30 ఫారాలు వచ్చాయి. ఉదయం (ఏ) షిఫ్టు 14, మధ్యాహ్నం (బీ) షిఫ్టు 12, రాత్రి (సీ) షిఫ్టు 4. సీ షిఫ్టుని దాచి మిగతా రెండిటినీ, విభాగం మొత్తాన్నీ చూపిస్తే, తీసివేత వచ్చినవాళ్లెవరైనా ఆ నలుగురి సగటు లాగేస్తారు. ఒక గడిని దాచారంటే దాని పక్క గడిని కూడా దాచాలి, లేదా రెండిటినీ కలిపి చూపించాలి.

లైన్_నంబర్_4

గూగుల్ ఫారం ఆలోచనే మార్చుకోండి. మందుల ప్లాంటులో ప్రొడక్షన్ ఏరియాలోకి ఫోన్లు రానివ్వరు, గేటు దగ్గరే పెట్టేయాలి. ఇంటికెళ్లి నింపమంటే కంపెనీ పనికి సొంత టైమూ సొంత డేటా ఖర్చుపెట్టమన్నట్టే. ఒకరు ఒక్కసారే నింపాలని ఆప్షన్ పెడితే లాగిన్ అడుగుతుంది. లాగిన్ అడిగితే మన పేరు వెళ్తోందనే ఎవరైనా అనుకుంటారు. ఈమెయిల్ రికార్డు కావట్లేదని మీరెంత చెప్పినా కార్మికుడికి దాన్ని సరిచూసుకునే దారి లేదు.

కాగితమే మేలు. పద్ధతి ఇలా పెట్టుకోండి: షిఫ్టు టైములోనే 15 నిమిషాలు, 20 మంది చొప్పున ట్రైనింగ్ రూములో. గదిలో సూపర్‌వైజరూ హెచ్‌ఆరూ ఉండకూడదు. అందరికీ ఒకే రంగు పెన్ను. ఫారం మీద సీరియల్ నంబరు, బార్‌కోడు ఏవీ ఉండకూడదు. తాళం వేసిన పెట్టెలో వేసేస్తారు, ఆ పెట్టె తెరిచేదీ డేటా ఎక్కించేదీ బయటివాళ్లు. లోపలికి వచ్చేటప్పుడు హాజరు పట్టీలో టిక్ పెడితే రెండోసారి నింపే సమస్యా ఉండదు. పట్టీకి, ఫారానికి సంబంధం ఉండదు కాబట్టి ఎవరేం రాశారో తెలియదు.

కాంట్రాక్టు వాళ్లను తప్పకుండా కలపండి. చాలా చోట్ల వాళ్లను వదిలేస్తారు, కానీ బరువులు మోసేది, రాత్రి ఎక్కువ చేసేది వాళ్లే. అందులో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఉంటే హిందీలో, ఒడియాలో ఫారాలు కావాలి. చదవడం రానివాళ్ల కోసం ప్రశ్నలు గట్టిగా చదివి వినిపించండి. ఐదు ముఖాల బొమ్మల్లో ఒకదాని మీద గుర్తు పెడతారు. చదివే మనిషి లేబర్ కాంట్రాక్టర్ మేస్త్రీ మాత్రం కాకూడదు.

లెక్కల_మాస్టారు

నంబర్ 4 గారి పద్ధతి బాగుంది. ఒక్కటి కలుపుతాను: చేతిరాతతో సొంత మాటల్లో రాసే ప్రశ్న ఉంటే, ఆ రాత మేనేజర్ల చేతికి వెళ్లకూడదు. టైపు చేయించి, పేర్లూ మెషీన్ నంబర్లూ తీసేసి, ప్లాంటు మొత్తానికి కలిపి ఇవ్వాలి.

ఇక ఏ ప్రశ్నపత్రం అనేది. బాగా వాడుకలో ఉన్నవి మూడు.

గాలప్ అనే సర్వే సంస్థ వాళ్ల క్యూ12. పన్నెండు ప్రశ్నలు, ఐదు మెట్ల స్కేలు. నా నుంచి ఏం ఆశిస్తున్నారో నాకు తెలుసా, పనికి కావాల్సిన సామాను ఉందా అనే స్థాయి నుంచి మొదలవుతుంది. ఆ ప్రశ్నల హక్కులు వాళ్లవి, నకలు కొట్టి వాడకూడదు.

యూట్రెక్ట్ స్కేలు. షౌఫెలీ, బకర్ అనే పరిశోధకులది. 17 ప్రశ్నలది, 9 ప్రశ్నలది ఉన్నాయి. ఉత్సాహం, అంకితభావం, పనిలో లీనమవడం అనే మూడు కోణాలు; ఎంత తరచుగా అలా అనిపిస్తుందో 0 నుంచి 6 వరకు గుర్తించాలి. పరిశోధనకు ఉచితం, కంపెనీ అవసరానికి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. మనిషి స్థితిని ఇది బాగా చెబుతుంది, కారణం మాత్రం చెప్పదు. స్కోరు తగ్గితే ఏం బాగుచేయాలో మీకు తెలియదు.

ఈఎన్‌పీఎస్. ఇక్కడ పనిచేయమని తెలిసినవాళ్లకు చెబుతారా అనే ఒకే ప్రశ్న, 0 నుంచి 10. 9, 10 వేసినవారి శాతంలోంచి 0 నుంచి 6 వేసినవారి శాతం తీసేస్తే స్కోరు. 7, 8 లెక్కలోకి రావు. యాజమాన్యం అడిగే ఒక్క అంకెకు అందరూ దీన్నే పట్టుకుంటారు, కానీ జాగ్రత్త. 300 మందిలో 100 మంది 9–10, 100 మంది 7–8, 100 మంది 0–6 వేస్తే స్కోరు సున్నా. 300 మందీ 7 వేసినా సున్నాయే. మొదటి ప్లాంటులో మూడోవంతు మంది వెళ్లిపోవాలని చూస్తున్నారు, రెండోదాంట్లో ఎవరికీ పెద్ద బాధ లేదు. అందుకని ఆ అంకె పక్కన ఎవరెన్ని వేశారో చూపే పట్టిక తప్పనిసరిగా పెట్టండి.

నా సలహా: ఈఎన్‌పీఎస్ ఒకటి, మీరే రాసుకున్న 12 నుంచి 14 ప్రశ్నలు, చివర సొంత మాటల్లో రాసేది ఒకటి. 45 వద్దు. ఇరవై దాటాక వరుసగా ఒకే గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోతారు.

పాశమైలారం_హెచ్‌ఆర్

ధన్యవాదాలు. మేమే రాసుకునే ఆ ప్రశ్నలు ఎలా ఉండాలి? 45లో కొన్ని: "నా సూపర్‌వైజర్ న్యాయంగా, స్పష్టంగా వ్యవహరిస్తారు", "కంపెనీ దార్శనికత నాకు స్ఫూర్తినిస్తుంది", "నాకు పని ఒత్తిడి లేదు".

శారద_గచ్చిబౌలి

మొదటిదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. న్యాయంగా ఉంటాడు కానీ చెప్పేది అర్థం కాదు అన్నవాడు ఏ గడిలో టిక్ పెట్టాలి? విడగొట్టండి. రెండోదానికి అందరూ అవుననే అంటారు, ఆ జవాబుతో మీరు చేయగలిగేదేమీ లేదు. మూడోది "లేదు" అనే ప్రశ్న. దానికి "కాదు" అని జవాబిస్తే ఏమన్నట్టో సగంమందికి తికమక.

ప్రతి ప్రశ్నకూ ఒక పరీక్ష పెట్టండి: దీనికి తక్కువ మార్కులొస్తే ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా చేస్తారు? జవాబు లేకపోతే ఆ ప్రశ్న కొట్టేయండి. కాలం కూడా చెప్పాలి, "గత నాలుగు వారాల్లో" అని. మీ ప్లాంటుకి పనికొచ్చేలా కొన్ని:

గత నాలుగు వారాల్లో నా షిఫ్టు మారుతుందని కనీసం వారం ముందు తెలిసింది.
నా పనికి కావాల్సిన సామాను, పనిచేసే మెషీను సమయానికి దొరికాయి.
తప్పు జరిగితే భయపడకుండా సూపర్‌వైజర్‌కి చెప్పగలను.
బాగా చేసిన పనిని ఎవరో ఒకరు గుర్తించి చెప్పారు.
నీళ్లు తాగడానికి, టాయిలెట్‌కి వెళ్లడానికి అడ్డు లేకపోయింది.
ఓటీ (ఓవర్‌టైమ్) వద్దనుకున్నప్పుడు వద్దని చెప్పగలిగాను.
పని వల్ల నడుం, మెడ, మోకాళ్లు నొప్పి పుట్టి నిద్రకు ఇబ్బంది అయింది.
పోయినసారి మేం చెప్పిన సమస్యల్లో కనీసం ఒకటి బాగుపడింది.

నొప్పి ప్రశ్న మిగతావాటికి తలకిందులు, ఎక్కువ మార్కు వస్తే చెడు. సగటు కట్టేముందు దాన్ని తిప్పాలి, ఐదుని ఒకటిగా, నాలుగుని రెండుగా. ఇది మరిచిపోయి మొత్తం స్కోరు పాడుచేసుకున్న నివేదికలు ఎన్నో.

అచ్చువేయించే ముందు ఆరేడుగురి చేత గట్టిగా చదివించి, ఈ ప్రశ్న మీకెలా అర్థమైందో మీ మాటల్లో చెప్పండి అని అడగండి. సగం తప్పులు అక్కడే బయటపడతాయి.

పరిశ్రమల_డాక్టర్

ఎంగేజ్‌మెంట్‌నూ వెల్‌నెస్‌నూ రెండు ఫైళ్లుగా పెట్టుకున్నారు, అక్కడే నాకు అభ్యంతరం. 1990లో విలియం కాన్ ఈ భావనను ప్రతిపాదించినప్పుడే మనిషి పనిలో నిమగ్నం కావడానికి మూడు షరతులు చెప్పాడు: చేసే పనికి అర్థం ఉండాలి, మాట్లాడితే దెబ్బ తగలదన్న భద్రత ఉండాలి, ఒంట్లోనూ మనసులోనూ ఓపిక మిగిలి ఉండాలి. మూడోది సాక్షాత్తూ ఆరోగ్యమే. వరుసగా ఆరు రాత్రులు చేసినవాడికి ఏ ప్రోత్సాహమూ తలకెక్కదు.

మానసిక స్థితి తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నపత్రం డబ్ల్యూహెచ్‌ఓ-5 వాడండి. ఐదే వాక్యాలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే నూటికి స్కోరు. 50 లేదా అంతకంటే తక్కువైతే కుంగుబాటు ఉందేమో చూడాల్సిన స్థాయి. అది రోగనిర్ధారణ కాదు, గుంపు స్థితి చూడటానికి సూచిక. కుంగుబాటు లక్షణాలు అడిగే పీహెచ్‌క్యూ-9 మాత్రం పేరు లేని సర్వేలో పెట్టకండి. దాని తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. ఒకరు అవునని టిక్ పెడితే ఆ మనిషిని చేరే దారి మీకు ఉండదు. తెలిసీ ఊరుకోవాల్సి వస్తుంది. అన్ని ఫారాల చివరా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అచ్చువేయండి. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

హెల్త్ క్యాంపు గురించి. హడావుడిగా తీసే బీపీ పనికిరాదు. మెట్లెక్కి వచ్చి వరుసలో నిలబడ్డవాణ్ని కూర్చోబెట్టగానే పట్టీ కడితే సగంమందికి ఎక్కువే చూపిస్తుంది. ముందు అరగంట టీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రం ఆపుకుని రాకూడదు. కుర్చీకి వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఆనాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే రీడింగు తప్పుగా పెరుగుతుంది, కాబట్టి రెండు సైజులు తెప్పించండి. నిమిషం తేడాతో రెండుసార్లు తీయాలి. 140/90 కానీ, దాటి కానీ వస్తే ఇంకో రోజు మళ్లీ చూడాలి.

అసలు ఖర్చుపెట్టాల్సింది క్యాంపు తర్వాత. బీపీ ఎక్కువున్నవాళ్లలో ఎంతమంది నెలలోపు డాక్టర్ని కలిశారు, మూడు నెలల్లో ఎంతమందికి అదుపులోకి వచ్చింది అన్నవే కొలవాల్సినవి. "350 మందికి పరీక్షలు" అనే బ్యానరు వల్ల ఎవరి రక్తపోటూ తగ్గదు. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లకు డిస్పెన్సరీకి వెళ్లడానికి ఒక పూట జీతంతో ఇవ్వండి. రోజు కూలీ పోతుందనే చాలామంది వెళ్లరు. ఒక్కొక్కరి ఫలితం వాళ్ల చేతికే, మూసిన కవరులో. హెచ్‌ఆర్‌కి మొత్తం అంకెలు మాత్రమే.

అడుగుల పోటీ తీసేయండి. ప్యాకింగ్ లైన్‌లో ఎనిమిది గంటలు నిలబడ్డ మనిషికి కావాల్సింది కూర్చునే స్టూలు, కాళ్ల కింద మెత్తని మ్యాటు.

ఎండాకాలం సంగతి విడిగా రాస్తాను, అది పెద్దది.

శారద_గచ్చిబౌలి

డాక్టరు గారి మాటకు ఆధారాలున్నాయి. అమెరికాలో బీజేస్ అనే దుకాణాల సంస్థలో 160 చోట్ల, సుమారు 33,000 మంది ఉద్యోగుల మీద వెల్‌నెస్ కార్యక్రమాన్ని లాటరీ పద్ధతిలో కొన్ని చోట్లే పెట్టి పోల్చారు, 2019లో ఫలితాలొచ్చాయి. ఏడాదిన్నర తర్వాత వ్యాయామం చేస్తున్నామని, బరువు చూసుకుంటున్నామని చెప్పినవాళ్లు పెరిగారు. బీపీ, కొలెస్టరాల్, వైద్య ఖర్చు, సెలవులు, పని తీరు వీటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయ ఉద్యోగుల అధ్యయనం ఇంకో సంగతి చూపింది: ఇలాంటి వాటిలో చేరేవాళ్లు ముందు నుంచే ఆరోగ్యంగా, తక్కువ వైద్య ఖర్చుతో ఉన్నవాళ్లు. కాబట్టి "యోగాకి వచ్చినవాళ్లు తక్కువ సెలవులు పెట్టారు" అనే పట్టిక ఏదీ రుజువు చేయదు.

అదే సమయంలో పనిగంటల సంగతి చూడండి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35–40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ప్రకటించాయి. మొదట దిద్దాల్సింది ఓటీ రిజిస్టరు.

షిఫ్ట్_ఇన్‌ఛార్జి

యోగా పూర్తిగా దండగ అంటే నేను ఒప్పుకోను. నడుం నొప్పి ఉన్నవాళ్లకు, ఇష్టపడి వచ్చేవాళ్లకు ఉండనివ్వండి. షిఫ్టు అయ్యాక కాకుండా షిఫ్టు టైములోనే పెట్టండి, హాజరు తప్పనిసరి చేయకండి. ఇబ్బంది ఎప్పుడంటే, దాన్ని చూపించి రోస్టరు (ఎవరికి ఏ రోజు ఏ షిఫ్టో చెప్పే పట్టిక) మార్చకుండా తప్పించుకున్నప్పుడు.

రోస్టరు ఎలా ఉండాలంటే: తిరిగే దిక్కు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరుసలో. ఆలస్యంగా పడుకోవడం ఒంటికి తేలిక, తొందరగా పడుకోవడం కష్టం, అందుకే ఈ వరుస. ఒక షిఫ్టు ముగిశాక తర్వాతి షిఫ్టుకి కనీసం 11 గంటల తేడా. సీ షిఫ్టు దిగినవాణ్ని ఆ మధ్యాహ్నమే బీ షిఫ్టుకి రప్పించే అలవాటు చాలా చోట్ల ఉంది, అది ఆపాలి. రెండు వారాల రోస్టరు ముందుగానే బోర్డు మీద పెట్టాలి.

సర్వే కంటే ముందే మీ దగ్గరున్న రిజిస్టర్లు తీయండి. ఇవి ఎవర్నీ అడగకుండానే దొరుకుతాయి:

ఓటీ గంటలు ఎక్కువ చేసిన 10 శాతం మంది మొత్తం ఓటీలో ఎంత చేశారు. ఎప్పుడూ అదే పాతికమంది ఉంటే వాళ్లే ముందు కూలబడతారు.
చేరిన 90 రోజుల్లోపు మానేసినవాళ్లు, విభాగంవారీగా. ఇది ఎక్కువైతే తప్పు సాధారణంగా ఉద్యోగం గురించి ముందు చెప్పిన మాటల్లోనో, మొదటి సూపర్‌వైజర్‌లోనో ఉంటుంది.
చెప్పకుండా పెట్టిన సెలవులు, ఏ షిఫ్టు తర్వాత పెరుగుతున్నాయి.
ఫస్ట్ ఎయిడ్ రిజిస్టరు, గంటలవారీగా. తెల్లవారుజామున గాయాలు గుంపుగా ఉంటే అలసటే కారణం.

సెలవులకు బ్రాడ్‌ఫోర్డ్ లెక్క వాడమని సాఫ్ట్‌వేర్లు చెబుతాయి: సెలవు పెట్టిన సార్లను వర్గం చేసి మొత్తం రోజులతో గుణించడం. ఒకేసారి పదిరోజులు పెడితే 10. పదిసార్లు ఒక్కోరోజు పెడితే 10×10×10, అంటే 1000. డయాలసిస్‌కో, బిడ్డ చికిత్సకో వెళ్లేవాళ్లను ఇది దొంగల్లా చూపిస్తుంది. మనిషి మీద చర్య తీసుకోవడానికి వాడకండి.

పరిశ్రమల_డాక్టర్

ఎండ సంగతి. బాయిలర్ పక్కన, మందు పొడిని రేణువులుగా చేసే గ్రాన్యులేషన్ పక్కన, లోడింగ్ బేలో, గౌనూ మాస్కూ వేసుకుని పనిచేసేవాళ్ల కోసం.

నీళ్లు: 15–20 నిమిషాలకొక గ్లాసు, సుమారు 240 మిల్లీలీటర్లు. దాహం వేసేదాకా ఆగకూడదు. గంటకు లీటరున్నర మించకూడదు, రక్తంలో సోడియం పడిపోతుంది. వేళకు అన్నం తినేవాళ్లకు మామూలు నీళ్లు, మజ్జిగ చాలు. ఓఆర్ఎస్ గంటల తరబడి చెమట కారేవాళ్లకు. ఉప్పు బిళ్లలు ఇవ్వకండి. లీటరు ప్యాకెట్టుని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసు నీళ్లలో పోసి ఇవ్వడం ప్రమాదం.

నీళ్ల డ్రమ్ములు పెట్టినా మహిళలు తాగరు. కారణం టాయిలెట్ దూరం, వెళ్లాలంటే అడగాలి, గౌను విప్పి మళ్లీ తొడుక్కోవాలి. రోజంతా ఆపుకుని మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకుంటారు. లైన్‌లో ఒక రిలీవర్‌ని (కాసేపు బదులు నిలబడే మనిషిని) పెట్టడం ఏ వెల్‌నెస్ యాప్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

అలవాటు పడటం: కొత్తవాడికి మొదటి రోజు వేడిలో పని పూర్తి పనిలో 20 శాతం మించకూడదు, తర్వాత రోజుకు ఇంకో 20 శాతం చొప్పున పెంచాలి. అనుభవం ఉన్నవాడు మళ్లీ వేడిలోకి వస్తే 50, 60, 80, 100 శాతం, నాలుగు రోజుల్లో. పనిచోట ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే అమెరికా నియోష్ సంస్థ సిఫారసు ఇది. పెళ్లిళ్ల సీజన్లో వారం పదిరోజులు ఊరెళ్లి చల్లగా గడిపి వచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా వడదెబ్బే అనుకోండి. నీడకు తెచ్చి, గౌను తీసేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి, ఆ పక్కనే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ చల్లబరచడం ఆపకూడదు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

పాశమైలారం_హెచ్‌ఆర్

చాలా ఉపయోగం. రెండు ప్రశ్నలు మిగిలాయి. విభాగం స్కోరుని మేనేజర్ల బోనస్‌కి ముడిపెట్టాలని పైనుంచి ఆలోచన. ఇంకోటి, మూడు నెలలకోసారి కొలిస్తే మార్పు తెలుస్తుందా?

లెక్కల_మాస్టారు

ముడిపెట్టకండి. ముడిపెట్టిన నాటినుంచి "మంచి మార్కులు వేయండమ్మా, మన విభాగం పరువు" అని షిఫ్టు మొదట్లో పెట్టే టూల్‌బాక్స్ మీటింగుల్లోనే చెబుతారు. స్కోరు పెరుగుతుంది, ప్లాంటు మారదు. బోనస్ పెట్టాలంటే చేస్తామన్న పనులు గడువులోగా చేశారా లేదా అన్నదానికి పెట్టండి.

మూడు నెలల సంగతి. ఐదు మెట్ల స్కేలులో జవాబులు సాధారణంగా ఒకటి దగ్గరి ప్రామాణిక విచలనంతో (సగటుకు అటూఇటూ ఎంత దూరం ఉంటాయో చెప్పే కొలత) చెదిరి ఉంటాయి. 20 మంది ఉన్న గుంపు సగటులో 0.22 దాకా ఊగిసలాట సహజం. రెండుసార్ల మధ్య తేడాకు అది 0.32 అవుతుంది, దాన్ని రెట్టింపు చేస్తే 0.63; అంతకంటే తక్కువ తేడా ఊరికే వచ్చింది కావచ్చు. అంటే 3.6 నుంచి 3.8కి పెరిగితే సంబరం వద్దు, 3.4కి తగ్గితే మందలింపులూ వద్దు. చిన్న గుంపుల్లో వరుసగా మూడుసార్లు ఒకే వైపు కదిలితే పట్టించుకోండి. పెద్ద సర్వే ఏడాదికి ఒకటి. మధ్యలో మూడు నాలుగు ప్రశ్నలే, అవీ మీరు మారుస్తామన్న అంశాల మీద. బోనస్, ఇంక్రిమెంటు ప్రకటించిన వారంలో పెట్టకండి.

లైన్_నంబర్_4

సర్వేలు ఎక్కువైతే విసుగొస్తుంది అంటారు. విసుగు ప్రశ్నల వల్ల కాదు, పోయినసారి చెప్పింది గాలికి పోయిందన్న కోపం వల్ల. పెట్టె తెరిచిన రెండు వారాల్లో ఫలితాలు క్యాంటీన్ బోర్డు మీద ఉండాలి, చెడ్డవి కూడా. విభాగానికి రెండే పనులు ఎంచుకోండి, పక్కన చేసేవాళ్ల పేరు, తేదీ. చేయలేనివాటికి ఎందుకు చేయలేమో ఒక వాక్యం. ఆ రెండు పనుల్ని ఎంచుకునే సమావేశంలో కాంట్రాక్టు వాళ్ల నుంచి ఇద్దరైనా కూర్చోవాలి.

లైంగిక వేధింపుల గురించి రాతలో ఏదైనా వస్తే అది సర్వే అంశం కాదు. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ఏ చోటైనా అంతర్గత కమిటీ చట్టప్రకారం ఉండాలి. కమిటీ సభ్యుల పేర్లు, ఫిర్యాదు పద్ధతి ఫారంతో పాటే చేతికివ్వండి.

పాశమైలారం_హెచ్‌ఆర్

ఒకవేళ 35 శాతం మందే నింపితే?

శారద_గచ్చిబౌలి

అప్పుడు సగటు ప్రకటించకండి, ఎందుకంటే నింపని 65 శాతం ఎవరో మీకు తెలియదు. హాజరు పట్టీలోని టిక్కులు షిఫ్టులవారీగా లెక్కపెట్టండి. రాత్రి షిఫ్టులో మాత్రమే తక్కువైతే బహుశా గది, సమయం కుదరలేదు. మళ్లీ ఒకరోజు పెట్టొచ్చు. ఒకే విభాగంలో తక్కువైతే అక్కడి సూపర్‌వైజర్ మీద భయం ఉందేమో చూడాలి. బయటి మనిషి చేత ఐదారుగురు చొప్పున, సూపర్‌వైజర్ లేకుండా మాట్లాడించండి. అన్నిచోట్లా తక్కువైతే సర్వే పక్కనపెట్టి, అందరికీ తెలిసిన ఒక సమస్యని, క్యాంటీన్ భోజనమో, టాయిలెట్ రిలీవరో, ముందు బాగుచేయండి. ఆ తర్వాత ఆరు నెలలకు మళ్లీ అడగండి.